వేడి పెట్టె, చలి పెట్టె, సీసం ఊట

మా ఇంట్లో వేడి నాది, చలి ఆయనది. ఈ పంపకం పెద్దమనుషులు కూర్చుని చేసింది కాదు, మా పనులే చేశాయి. నేను కోరుట్లలో చిన్న షట్టరు అద్దెకు తీసుకుని సర్క్యూట్ బోర్డులు బాగుచేస్తాను. బావి మోటార్ల స్టార్టర్లు, ఇన్వర్టర్లు, కరెంటు పొయ్యిలు, అప్పుడప్పుడు సిరిసిల్ల నుంచి వచ్చే సాంచల బోర్డులు. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. పొద్దస్తమానం నా చేతిలో సోల్డరింగ్ కడ్డీ కాలుతూనే ఉంటుంది. మా ఆయన గల్ఫ్‌లో ఏసీ మెకానిక్కు. ఎడారిలో మేడలకు మేడలను చల్లబరుస్తాడు, తాను మాత్రం వాటి మిద్దెల మీద ఎండలో మాడిపోతాడు. రెండేళ్ళకోసారి సెలవు మీద వస్తాడు. వచ్చిన మొదటి వారం ఇంట్లో ఏ వస్తువు మీద చెయ్యి వేసినా "ఇది గిట్లెందుకున్నది?" అంటాడు. రెండో వారం నుంచి దుకాణానికి వచ్చి నా వెనక నిలబడి అదే మాట అంటాడు.

ఈసారి ఎండాకాలంలో వచ్చాడు. వానలు మొదలయ్యేసరికి తిరిగి పోవాలి. వస్తున్నాడా లేదా తేల్చమని కాబోలు, ఏజెంటు ఫోన్లు చేస్తున్నాడు. ఆ ఫోన్ రాగానే ఆయన చెప్పులేసుకుని బయటికి పోయి మాట్లాడేవాడు. లోపలికి వచ్చాక ఏమీ చెప్పేవాడు కాదు, నేనూ ఏమీ అడిగేదాన్ని కాదు. ఈ విషయంలో మా వైపు ఆడవాళ్ళకు పట్టింపు ఎక్కువ. గల్ఫ్‌కు పోయే మనిషికి అడ్డం మాట చెప్పకూడదు. పోతావా అని అడగకూడదు, పోవద్దని అసలే అనకూడదు. మామిడికాయ తొక్కు డబ్బాలో గట్టిగా కట్టి, నుదుట బొట్టు పెట్టి, మంచిగ పోయిరా అనాలి. ప్రతిసారీ నేను అట్లాగే అన్నాను.

ఈసారి మాత్రం ఆయన పోవడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. మా బిడ్డ పదో తరగతికి వచ్చింది, ఆ పిల్ల ఎత్తు పెరగడం ఆయన ఫోన్ తెరలోనే చూశాడు. నాకూ విసుగొచ్చింది. వీడియోలో భర్తతో మాట్లాడి, పొయ్యి దగ్గర గోడతో మాట్లాడి ఎన్నాళ్ళు గడుపుతాం! కానీ ఆయన ఖాళీగా కూర్చునే మనిషి కాదు. చేతికి పని లేకపోతే వారం తిరక్కముందే విమానం ఎక్కుతాడు. నా దుకాణంలో పని నా ఒక్కదానికే అంతంతమాత్రం. ఇద్దరికి సరిపడా పని దొరికితే ఉంటాడేమో అని ఆశ. ఆ ఆశను ఎవరికీ చెప్పకుండా దాచుకుని తిరుగుతున్నాను.

అప్పుడే సిరిసిల్ల ఆసామి వచ్చాడు. సాంచలుండే షెడ్డు యజమానిని ఆసామి అంటారు. మనిషి పొట్టి, మాట పొడుగు. నూలు సంచిలోంచి నాలుగు బోర్డులు తీసి నా బల్ల మీద పరిచాడు. పడుగులో ఒక్క దారం తెగినా సాంచను టక్కున ఆపే బోర్డులవి. వాటికొచ్చిన జబ్బేమిటంటే, ఏ దారమూ తెగకపోయినా ఆపేస్తున్నాయి.

"పొద్దుగాల మంచిగనే నడుస్తయి బిడ్డా. పగటీలి దాటిందంటే సతాయిస్తయి. దిష్టి గిట్ల తగిలిందేమోనని నిమ్మకాయలు గూడ కట్టిన," అన్నాడు.

బల్లకు కట్టి చూశాను. నాలుగూ బుద్ధిమంతుల్లా పనిచేశాయి. పాతబడ్డ భాగాలు రెండు మార్చి, దుమ్ము దులిపి ఇచ్చి పంపించాను. మరునాడు ఫోన్ వచ్చింది.

"మీ దుకాన్ల నడుస్తున్నయి, నా షెడ్ల నడుస్తలేవు. సాంచలన్ని పట్టుకొచ్చి మీ దుకాన్లనే పెట్టుమంటవా ఏంది?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన వినలేదు. "ఇగో, గిది మంచిగ జేస్తే మా గల్లీల బోర్డులన్నీ నీకే తోలిపిస్త. కాకుంటే చెప్పు, గివి అవుతల పారేసి సూరత్‌కెల్లి కొత్తయి తెప్పించుకుంట," అని పెట్టేశాడు.

గల్లీలో బోర్డులన్నీ. అంటే ఇద్దరికి సరిపడా పని. వెనక నిలబడి పళ్ళు కుట్టుకుంటున్న మా ఆయన కూడా విన్నాడు.

సాయంత్రం బస్సులో బోర్డులు మళ్ళీ నా బల్ల మీదికి వచ్చాయి. సెమీకండక్టర్ చిప్పులకు వేడి సోకితే బుద్ధి మారుతుంది. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా మూసుకున్న చిప్పు, వేడెక్కేసరికి సన్నగా కరెంటు కారుస్తుంది. పగటీలి అంటే మధ్యాహ్నం, ఆ వేళకు సిరిసిల్ల రేకుల షెడ్డు ఎట్లా కాలుతుందో నాకు తెలుసు. కాబట్టి జబ్బు వేడిదే అని తేల్చేశాను. మరి బోర్డును కాల్చి చూడాలంటే ఎట్లా? ముందు మా బిడ్డ జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో ఊదాను. ఒక మూల ప్లాస్టిక్ కరిగింది, ఇంకో మూల వెచ్చబడనేలేదు. మిషన్ పోయిందని మా బిడ్డ నాతో మాట్లాడటం మానేసింది.

అప్పుడు గుర్తొచ్చింది కార్ఖానా బట్టీ. మా సందు చివర బీడీల కార్ఖానా ఉంది. మా అత్త చిన్నప్పటి నుంచి అక్కడికే బీడీలు చుట్టి ఇచ్చింది. చుట్టిన బీడీలను చాటల్లో పేర్చి, గదంత బట్టీలో పెట్టి ఆరబెడతారు. మంట కనబడదు. వేడి మాత్రం కింద నుంచి పైదాకా ఒకే తీరుగా ఉంటుంది. పెద్ద పెద్ద కంపెనీలు చిప్పులను పరీక్షించడానికి కొనుక్కునే వేడి గది అంతకంటే గొప్పగా ఏముంటుందిలే అనుకున్నాను. అత్తను ముందు నడిపించి, బోర్డులు కొంగులో పెట్టుకుని పోయాను.

బట్టీ చూసుకునే మనిషి మా అత్త ముఖం చూసి కాదనలేకపోయాడు. కానీ అనుమానంగా చూశాడు. "గివి గూడ తాగుతరా అమ్మా?" అని అడిగాడు.

చాటల్లో బీడీల పక్కనే బోర్డులు పెట్టాను. తలుపు సందులోంచి పొడుగాటి తీగలు బయటికి లాగి ఒక్కో బోర్డుకు ఒక్కో చిన్న బల్బు తగిలించాను. బోర్డు బాగుంటే బల్బు వెలుగుతుంది, చెడితే ఆరిపోతుంది. ముక్కాలి పీట వేసుకుని బల్బుల ముందు కూర్చున్నాను. చెమటలు కారుతున్నాయి, జర్దా ఘాటుకు తుమ్ముల మీద తుమ్ములు. ఒక్క బల్బూ ఆరలేదు. చేసేది లేక తీగలు ఊడదీసి అన్నం తినడానికి ఇంటికి పోయాను.

నేను వచ్చేసరికి చాటలు ఖాళీ. ఆరిన చాటలు వరసగా పొట్లాలు కట్టే ఆడవాళ్ళ దగ్గరికి పోతాయి. వాళ్ళు సీరియల్ కథ చెప్పుకుంటూ చెయ్యికి తగిలినదాన్ని తగిలినట్టే చుట్టేస్తారు, చూడరు. చూస్తే పని సాగదు. నా బోర్డుల్లో రెండు గులాబీ రంగు కాగితంలో చక్కగా పొట్లాలయి, మీద లేబుల్ కూడా అంటించుకుని, డబ్బాలోకి పోవడానికి సిద్ధంగా ఉన్నాయి. కాస్త ఆలస్యమైతే మెట్‌పల్లి కిరాణా దుకాణంలో ఎవరో వాటిని కొని, అగ్గిపుల్ల గీసి ఉండేవాళ్ళు. ఆ పొట్లాలు తీసుకుని ఇంటికి పోతే మా ఆయన పడీ పడీ నవ్వాడు. వచ్చినప్పటి నుంచి అంతగా నవ్వడం అదే మొదటిసారి.

నవ్వడం అయ్యాక అన్నాడు. "ఎంతసేపు ఉడకబెట్టుడేనా? సల్లగ జేసి సూసుడు లేదా?"

"జబ్బు వేడిది. సల్లగ జేసి ఏం సూస్తం?"

"జబ్బు నీతోని చెప్పిందా?"

మరునాడు పొద్దున్నే పాత ఫ్రిజ్ ఇంజను ఒకటి స్క్రాపు దుకాణం నుంచి తెచ్చాడు. చేపలమ్మేవాళ్ళు పారేసిన థర్మాకోల్ డబ్బాను సబ్బుతో కడిగాడు. దానిలో రాగి గొట్టం చుట్టలు చుట్టలుగా తిప్పి, గ్యాసు నింపి, సాయంత్రానికల్లా చలి పెట్టె తయారు చేశాడు. చూస్తే నాకు ఈర్ష్య కలిగింది. అంత చక్కని పని చేసే చేతులు ఇంట్లో లేకుండా ఎక్కడో దేశం కాని దేశంలో అరిగిపోతున్నాయని కోపం కూడా వచ్చింది. ఆ కోపాన్ని చేపల వాసన మీదికి మళ్ళించి కాసేపు సాధించాను.

కార్ఖానా వాళ్ళు మమ్మల్ని మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. అందుకని నేను కూడా పట్టుబట్టి, మా అత్త పెళ్ళినాటి ఇనప పెట్టెలో బల్బులు, చిన్న ఫ్యాను బిగించి నా వేడి పెట్టె చేసుకున్నాను. దుకాణంలో ఆ గోడకు నాది, ఈ గోడకు ఆయనది. మధ్యలో కూర్చోవడానికి మా అత్తకు చోటు లేదు, అయినా కూర్చుంది. చలి పెట్టెలో పాల ప్యాకెట్లు పెట్టుకుంటానంది. బోర్డు తీసి ప్యాకెట్ పెట్టడం, ప్యాకెట్ తీసి బోర్డు పెట్టడం ఒక యుద్ధం.

బోర్డులు నా పెట్టెలో బాగున్నాయి, ఆయన పెట్టెలోనూ బాగున్నాయి. వేడిలో చెడవు, చలిలో చెడవు. మేమిద్దరమే చెడ్డాం. నీ పెట్టెకు వేడి చాలదని ఆయన, నీ పెట్టెకు చలి చాలదని నేను. మాట మాట పెరిగింది. సరిగ్గా అప్పుడే ఏజెంటు ఫోన్ మోగింది. ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు. నేను కడ్డీ పక్కన పెట్టి కూర్చుండిపోయాను. పని తెగడం లేదు. ఇక ఈ మనిషి నిలవడని నాకు దిగులు పట్టుకుంది.

మరునాడు నేనే అన్నాను. "ఈడ గూసుంటే ఏం గాదు. నడువు, సిరిసిల్ల పోదాం."

బోర్డులు సంచిలో వేసుకుని కథలాపూర్, వేములవాడ మీదుగా బండి మీద పోయాం. దారి పొడుగునా మాట్లాడుకోలేదు. షెడ్డులోకి అడుగుపెట్టాక మాట్లాడుకుందామన్నా వినబడదు. పన్నెండు సాంచలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పెదాలు చూసి అర్థం చేసుకోవాలి. రేకుల కింద వేడి ఎట్లా ఉందంటే, నా వేడి పెట్టెను చూసి నాకే సిగ్గేసింది. కానీ మా బోర్డులు బిగించిన సాంచలు నడుస్తూనే ఉన్నాయి. పగటీలి అయింది, నడుస్తున్నాయి. ఆసామి ముఖం చిన్నబుచ్చుకుని, "రోజు గీ యాల్లకు ఆగుతయి, మీరొచ్చిండ్రని ఇయ్యాల నడుస్తున్నయి," అని నా చెవిలో అరిచాడు.

తర్వాత ఆసామి రోజూ చేసే పని చేయడానికి పోయాడు. ఎండాకాలంలో సిరిసిల్లలో చాలామంది చేసేదే. బయట నిచ్చెన వేసుకుని, పైపు పట్టుకుని, కాలుతున్న రేకుల మీద నీళ్ళు పట్టాడు. నెత్తి మీద చుయ్‌మని చప్పుడు. రేకుల అంచుల నుంచి నీళ్ళు ధారలు కట్టాయి. కిటికీలకు వేలాడే తడి గోనె సంచుల్లోంచి ఒక్కసారిగా చల్లగాలి లోపలికి వచ్చింది. హమ్మయ్య అని కొంగుతో మెడ తుడుచుకున్నాను. అంతలో మూలనున్న సాంచ ఆగింది. దాని పక్కది ఆగింది. కాసేపటికి ఇంకోటి.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"వేడిది గాదే!" అని ఆయన అరిచాడు.

"సలిది గూడ గాదు!" అని నేను అరిచాను.

జబ్బు వేడిలోనూ లేదు, చలిలోనూ లేదు. వేడి నుంచి చలికి దబ్బున పడటంలో ఉంది. బోర్డు పైభాగం ముందు చల్లబడి ముడుచుకుంటుంది, లోపల ఇంకా వేడిగానే ఉంటుంది. అప్పుడు బోర్డు కంటికి కనబడనంత వంగుతుంది. ఎక్కడో అతుకులో వెంట్రుకంత పగులుంటే అది తెరుచుకుంటుంది. అంతా సమానంగా చల్లబడ్డాక పగులు మళ్ళీ మూసుకుంటుంది. అందుకే నా బల్ల మీద, నా పెట్టెలో, ఆయన పెట్టెలో అది దొంగలా నోరు మూసుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం బోర్డులు మళ్ళీ వెంట తెచ్చుకుని, రెండు పెట్టెలనూ గోడల దగ్గర నుంచి జరిపి పక్కపక్కన పెట్టాం. మధ్యలో కోసి, ఒక సొరుగు అమర్చాం. బోర్డును వేడి పెట్టెలో కాల్చి, సొరుగు తోస్తే నేరుగా చలి పెట్టెలో పడుతుంది. పెట్టెల అడ్డగోడ నేను కోశాను, సొరుగు ఆయన చేశాడు. మొదటి బోర్డు పెట్టి, బాగా కాలనిచ్చి, తోశాం. బల్బు వెలుగుతూ వెలుగుతూ ఉంది. టప్పున ఆరిపోయింది.

నేను కేక పెట్టాను. ఆయన బల్ల మీద గుద్దాడు. బయట కూర్చున్న మా అత్త పరుగెత్తుకొచ్చి, "కరెంటు వోయిందా?" అంది. దీపం ఆరితే కొడుకూ కోడలూ ఎందుకు ఎగురుతున్నారో ఆమెకు ఎంత చెప్పినా తలకెక్కలేదు. పాల ప్యాకెట్లు భద్రంగా ఉన్నాయో లేదో చూసుకుని పోయింది.

జబ్బు దొరికింది గానీ మందు దొరకలేదు. భూతద్దం పెట్టి చూస్తే, లావు పిన్నులు బారుగా ఉన్నచోట ప్రతి అతుకు చుట్టూ సన్నని గీత. కడ్డీతో ఒక్కోటి మళ్ళీ అతికాను. సొరుగులో పెట్టి తోస్తే కొన్ని నిలిచాయి, కొన్ని మళ్ళీ తెరుచుకున్నాయి. ఎందుకంటే ఒక పిన్ను అతికేలోపు పక్కది చల్లారుతుంది. అన్ని పిన్నులూ ఒక్కసారి వేడెక్కి, ఒక్కసారి కరిగిన సీసం, అంటే అతికే సోల్డర్, తాగాలి. పెద్ద ఫ్యాక్టరీలలో దానికో యంత్రం ఉంటుంది. కరిగిన సోల్డర్ అందులో ఊటలా పైకి ఉబుకుతుంది, బోర్డు అడుగును ఆ ఊటకు ఆనిస్తారు. ఆ యంత్రం మా షట్టరులో పట్టదు, పట్టినా కొనేది ఎవరు?

"ఊట అంటే పంపే గదా," అన్నాడు మా ఆయన. పంపులంటే ఆయనకు చిటికెలో పని. ఏసీలో పంపు తప్ప ఏముంది అంటాడు. జీపు అద్దాలు తుడిచే మోటారు తెచ్చి, దానికి ఇనప రెక్కలు తగిలించి, కరిగిన సీసం గిన్నెలో దించాడు. మొదట తిరిగింది. ఒక ముద్ద ఎగిరి ఆయన చొక్కా జేబులో పడింది. జేబు అడుగున బొక్క పడి సీసం నేల మీదికి జారింది. ఇంకాసేపటికి సీసం మీద కట్టిన తెట్టు రెక్కల్లో ఇరుక్కుని మోటారు కాలిపోయింది. దాని వాసన మా పక్కన మిఠాయి దుకాణం దాకా పోయిందని ఫిర్యాదు వచ్చింది. ఆయన బుర్ర గోక్కుంటూ కూర్చున్నాడు.

నాకు నవ్వొచ్చింది, జాలేసింది, ఆ వెంటనే ఒక ఆలోచన వచ్చింది. జగిత్యాలలో డిప్లొమా చదివేటప్పుడు ఒక ప్రయోగం చేయించారు. రెండు అయస్కాంతాల మధ్య తీగ వేలాడదీసి కరెంటు పంపితే తీగ ఒక పక్కకు ఎగిరి తంతుంది. గట్టి తీగను తన్నగలిగితే కరిగిన తీగను తన్నలేదా? కరిగిన సీసం కూడా లోహమే, దానిలోనూ కరెంటు పారుతుంది. రెక్కలు వద్దు, మోటారు వద్దు, తిరిగేది ఏదీ వద్దు. గొట్టంలో సీసం ఉంటుంది, అటు ఇటు అయస్కాంతాలు, అడ్డంగా కరెంటు. సీసం తనంతట తానే నడుస్తుంది.

ఆయనకు చెప్పాను. "గట్ల పోతదా?" అన్నాడు.

"పోకపోతే ఇంకో చొక్కా కుట్టిపిస్త."

కొత్తరకం చిన్న అయస్కాంతాలు తెప్పిస్తే, సీసం వేడికి వాటి బలమంతా పోయి ఇనప షట్టరుకు కూడా అంటుకోలేదు. జగిత్యాల స్క్రాపు దుకాణంలో పాత డీజే బాక్సులున్నాయని ఎవరో చెబితే బండేసుకుని పోయాం. స్పీకర్ వెనక ఉండే ఆ నల్లటి బండ అయస్కాంతాలు వేడిని బాగా ఓర్చుకుంటాయి. ఎన్ని పెళ్ళి బారాత్‌లు చూశాయో ఏమో, ఒక్కోటి నా అరచేతికి మించి ఉంది. కాలని, కరెంటు పారని గొట్టం ఏముంటుందని ఆలోచిస్తే మా మామ గుర్తొచ్చాడు. ఆయన బుగ్గారంలో తాళ్ళు గీసినన్ని రోజులు కల్లు పట్టే లొట్లు, అంటే కుండలు, చేసి ఇచ్చిన కుమ్మరి ఇప్పటికీ ఉన్నాడు. ఆయన దగ్గర చిన్న మట్టి గొట్టం కాల్పించుకున్నాం. లొట్టి అంత సన్నగా ఉందేమిటని కుమ్మరి బాధపడ్డాడు. చెడిపోయిన వెల్డింగ్ మిషన్ విప్పి, దాని చుట్టను మార్చి, కరెంటు ఒకే దిక్కుకు పారేలా డయోడ్లు వేసి, లావు తీగలతో తీసుకున్నాం. సీసం పొగ లోపల తిరగకుండా మా ఆయన రేకు గొట్టం వేసి బయటికి పంపించే ఫ్యాను బిగించాడు. ఆ పనిలో మాత్రం నేను వేలు పెట్టలేదు.

మొదటిసారి స్విచ్ వేయగానే గొట్టంలో సీసం కిందికి కుంగింది.

"ఊట అంటివి, బావి తోడితివి," అన్నాడాయన.

నేను రెండు అయస్కాంతాల ముఖాలనూ తిరగేసి బిగించాను. మళ్ళీ స్విచ్ వేశాను. ఈసారి గొట్టం మూతి దగ్గర సీసం ఉబ్బింది. వెండిలా మెరుస్తూ, చప్పుడు చేయకుండా, బొటనవేలంత ఎత్తు లేచి, అంచుల మీద నుంచి మళ్ళీ గిన్నెలోకి జారుతూ ఉంది. తిరిగేది ఏదీ లేదు. మోత లేదు. మేం ఇద్దరం వంగి దాన్నే చూస్తూ ఉండిపోయాం. నాకు కళ్ళు చెమర్చాయి. పొగ లేదు కాబట్టి పొగ మీద నెపం వేయలేకపోయాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి తీశాడు.

బోర్డుల అడుగును ఆ ఊటకు ఆనించి లేపాం. లావు పిన్నుల బారు మొత్తం ఒకే తీరుగా మెరిసింది. వేడి, చలి, మళ్ళీ వేడి, మళ్ళీ చలి. సొరుగు అటూ ఇటూ లాగి లాగి నా చెయ్యి నొప్పి పుట్టింది. బల్బులు ఆరలేదు.

ఆ బోర్డులు పట్టుకుని సిరిసిల్ల పోయే పొద్దున ఏజెంటు ఫోన్ మళ్ళీ వచ్చింది. ఆయన మళ్ళీ బయటికి పోయాడు. మబ్బులు పట్టే రోజులు దగ్గరపడ్డాయని నాకు తెలుసు. బండి వెనక కూర్చుని, ఈ బోర్డులు ఈ పూట నిలబడితే చాలు, ఇంకేమీ అడగనని దేవుడికి మొక్కుకున్నాను.

షెడ్డులో బోర్డులు బిగించాం. ఎండ నడినెత్తికి వచ్చింది. రేకులు టపటపమన్నాయి. ఆసామి పైపు పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. నెత్తి మీద నీళ్ళు చుయ్‌మన్నాయి, చల్లగాలి వచ్చింది. నేను మూలనున్న సాంచనే చూస్తున్నాను. పేక దారం మోసే నాడె అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు కొట్టుకుంటూనే ఉంది. పక్కది కూడా. ఒక్కటి కూడా ఆగలేదు. ఆసామి తడి లుంగీతో లోపలికి వచ్చి చెవి ఒగ్గి విన్నాడు. మెచ్చుకుంటాడేమో అనుకున్నాను. ఆయన చాయ్ తెప్పించి, మమ్మల్ని బయట గట్టు మీద కూర్చోబెట్టి, మా ఆయన వైపు తిరిగాడు.

"ఇయ్యాల నడిశినయి, సరే. మళ్ళొచ్చే ఎండకాలం సతాయిస్తే ఎవల్ని బట్టుకోవాలె? నువ్వేమో దుబాయి మనిషివంట. పోతవా, ఉంటవా?"

"యాడికి వోత?" అన్నాడు మా ఆయన చాయ్ ఊదుకుంటూ. "ఈడనే ఉంట. ఎప్పుడైన ఫోన్ గొట్టుండ్రి, వస్త."

ఆసామి గల్లీలో ఏ షెడ్డుకు ముందు పోవాలో చెబుతున్నాడు. నాకు ఒక్క ముక్క కూడా ఎక్కలేదు. సంతోషమైతే ఇంతా అంతా కాదు. కానీ దాని నెత్తి మీద కోపం కూర్చుంది. ఎక్కడి ఆసామి! మొన్న మొన్న పరిచయమైన మనిషి! ఆ మనిషికి చెప్పిన మాట కట్టుకున్నదానికి చెప్పడా?

వేములవాడ దాటేదాకా ఓపిక పట్టాను. ఆ తర్వాత వీపు మీద గట్టిగా గిచ్చాను. "బండి ఆపు!"

రోడ్డు పక్కన మక్క చేను దగ్గర ఆపాడు.

"పోతలేనని నాకు జెప్పకుండ గా ఆసామికి జెప్తవా?"

"ఆయన అడిగిండు," అన్నాడు తాపీగా.

నేను బండి దిగి ఆయనకు ఎదురుగా వచ్చాను.

"నువ్వెప్పుడన్న అడిగినవా? నేనచ్చినప్పటి సంది సూస్తున్న. గా బోర్డులను అడుగుతున్నవు, బల్బును అడుగుతున్నవు, బట్టీకాడికి వోయి గూడ అడుగుతున్నవు. నన్నొక్కన్నే అడుగుతలేవు."

"పోయేటోన్ని అడుగద్దు గద! మరి గా ఏజెంటు ఫోన్లేంది?"

"రానని ఎప్పుడో జెప్పిన. అచ్చిన వారంలనే. నా బదులు ఇంకెవన్నన్న సూపియ్యమని పానం దీస్తుండు."

"మరి నాకెందుకు జెప్పలే?"

ఆయన రోడ్డు వైపు చూశాడు. "ఒక్కపారన్న నువ్వు ఉండుమంటవేమోనని ఆగిన," అన్నాడు.

ధాన్యం లారీ ఒకటి మా పక్క నుంచి దుమ్ము రేపుకుంటూ పోయింది. అది పోయేదాకా నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళలో ఆయనకు ఎన్ని తొక్కు డబ్బాలు కట్టి ఇచ్చానో గానీ, ఈ మాట కోసం మనిషి ఇంతగా ఎదురుచూస్తాడని నాకు తెలియదు.

"అయితే ఇప్పుడడుగుతున్న," అన్నాను. "పోకు. ఉంటవా?"

ఆయన హెల్మెట్ తీసి పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకున్నాడు. "లారీ మోతల సరిగ్గ ఇనవడలే," అన్నాడు. "ఇంకొక్కపారి అడుగు."